ఎముకలు తీసిన చేప

మినికాయ్ దీవి,
మార్చి మొదటి వారం

రుకియా తల్లికి పెద్దమ్మ హవ్వా దీవెనలు.

నువ్వు పంపిన తలనూనె సీసా అందింది. చుట్టూ కొబ్బరిచెట్లున్న దీవికి అవతలి ఒడ్డు నుంచి నూనె పంపే పిల్లవి నువ్వొక్కదానివే. పక్కింటి సబూరా వాసన చూసి, "ఇందులో కొబ్బరి తప్ప అన్నీ ఉన్నాయి హవ్వక్కా" అంది. అయినా రాసుకుంటున్నాను.

మన ఇంట్లో ఇప్పుడొక బాలింత ఉంది. కంగారుపడకు, మనిషి కాదు. చేపల పొగగదిలో తిరిగి తిరిగి ముక్కూ చెవులూ నల్లబడిన పిల్లి అని రాశానే, మసి, అది ఈనింది. ఎండుచేపల బుట్టలో ఐదు పిల్లలు. కాన్పు ఎవరు చేశారని సబూరా వెక్కిరించింది. "నువ్వు కబుర్లు చెబుతూ కూర్చుంటే అదే చేసుకుంది" అన్నాను.

మసి వచ్చాక మన కొట్టులో ఎలుక ముఖం చూడలేదు. ఆ రుణం ఉంచుకోకూడదని మన ఇంట్లో బాలింతకు జరిగేవన్నీ దానికీ జరిపిస్తున్నాను. చీకటి గది, వెచ్చటి బట్ట. నలభై రోజులు బాలింత పళ్లెంలో ఎముక కనబడకూడదు కదా, అందుకని సూరచేప కండ వలిచి, వేళ్లతో తడిమి, ఒక్క ముల్లు లేకుండా చూసి పెడుతున్నాను. నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మకూ నా చేత్తోనే ఇలా వలిచి పెట్టాను. ఆ పిచ్చిది రెండో నెల చూడకుండానే పోయింది. ఈ బాలింతనైనా దక్కించుకోవాలని ఉంది.

పిల్లల్లో ఒకదానికి కళ్లు తెరుచుకునే వేళకు పుసి కట్టి రెప్పలు అంటుకున్నాయి. ఏం చెయ్యాలి? ఆవు లేని దీవి నుంచి పోయి పశువుల చదువు చదువుతున్నావు. ఆ చదువులో పిల్లి పాఠం వచ్చిందా, ఇంకా తోక దగ్గరే ఉన్నారా?

నా అక్షరాలు చూసి నవ్వకు. నేను బడికి పోలేదు. మా అమ్మ ఇసుకలో వేలు పట్టి దిద్దించినవి ఇవి.

నీ పెద్దమ్మ
హవ్వా

*

త్రిచూర్,
మార్చి మూడో వారం

పెద్దమ్మకు సలాం.

నీ ఉత్తరం హాస్టల్లో అందరికీ చదివి వినిపించాను. మసి బాలింతతనం విని మా గది పిల్లలు ఒకటే నవ్వు. నేను మాత్రం వెంటనే మా మేడమ్ దగ్గరికి పోయి అడిగి వచ్చాను. జాగ్రత్తగా చదువు.

కళ్లకు: నీళ్లు కాచి, చిటికెడు ఉప్పు వేసి చల్లార్చు. శుభ్రమైన పాత బట్ట అందులో ముంచి రెప్పల మీద కాసేపు ఉంచు. పుసి మెత్తబడ్డాక ముక్కు వైపు నుంచి బయటికి తుడువు. గోటితో విప్పకు. ఒక కంటికి వాడిన బట్ట ఇంకో కంటికి వాడకు.

పిల్లలను రోజూ ఎండుకొబ్బరి తూచే చిన్న త్రాసులో పెట్టి చూడు. నిన్నటి కన్నా కాస్త బరువు పెరిగితే పాలు సరిపోతున్నట్టు. పెరగకపోతే, ఒంటరిగా పక్కకు జరిగి ఏడుస్తూ ఉంటే, ముందు దాన్ని నీ పొట్టకు ఆనించి వెచ్చబరచు. ఒళ్లు చల్లగా ఉన్న పిల్లకు పాలు పట్టకూడదు, అరగదు. ఒకవేళ నువ్వే పట్టాల్సివస్తే మేకపాలు పట్టు, కొబ్బరిపాలు వద్దు. బోర్లా ఉంచి పట్టు, వెల్లకిలా కాదు. పట్టాక తడిబట్టతో కింద మెల్లగా రుద్దితేనే ఉచ్చపోస్తాయి. వాటంతట అవి పోయలేవు.

ఇంకొకటి. ఎముక కూడదనేది మనుషుల బాలింతల మాట. ఐదు పిల్లలకు పాలిస్తుంటే తల్లి ఎముకల్లోని సున్నమంతా పాలలోకి పోతుంది. వట్టి కండ తింటే ఆ లోటు తీరదు. చేప ఎముకలను మెత్తగా ఉడికించి, ఎండబెట్టి, రోట్లో పొడి చేసి అన్నంలో కలుపు. ముల్లు ముల్లుగా పెట్టకు, గొంతులో దిగుతుంది.

పాఠం తోక దగ్గర లేదు పెద్దమ్మా. తలదాకా వచ్చింది. మొన్న పరీక్షలో పిచ్చికుక్క రోగం గురించి రాసిన జవాబుకు క్లాసులో నాకే ఎక్కువ మార్కులు.

నీ
రుకియా

*

మినికాయ్,
మార్చి చివర

రుకియా,

ఓడ సాయంత్రమే పోతుందట. చేతికి వచ్చినట్టు రాస్తున్నాను.

ఇవాళ పొద్దున మసికి ఏదో అయింది. నిన్నటి నుంచి వగరుస్తూ అటూ ఇటూ తిరిగింది. పిల్లలు అరుస్తున్నా పాలివ్వకుండా లేచిపోయింది. నడుస్తుంటే కాళ్లు కర్రల్లా బిగుసుకున్నాయి. పొద్దున పొగగది గుమ్మంలో పక్కకు పడిపోయి కొట్టుకుంది. నోట్లో నురగ. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ నన్ను చూడలేదు. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. చేపలు కోస్తున్న ఆడవాళ్లందరూ కత్తులు పారేసి పరుగెత్తారు. నా చేతిలో కాన్పులు జరిగాయి, చావులూ జరిగాయి. ఇలాంటిది ఎన్నడూ చూడలేదు.

ముసలి మూసా, ఓడల్లో ముప్పై రేవులు తిరిగినవాడు, దూరం నుంచే చూసి, "ఇది కుక్కపిచ్చి. కలకత్తాలో చూశాను. దీని ఎంగిలి తగిలినా మనిషి బతకడు" అన్నాడు. ఇంకేముంది, ఊరంతా ఒకటే మాట. గోనెలో కట్టి పగడపు దిబ్బ అవతల నీళ్లలో వేసి రమ్మన్నారు. ఈ ఊరి ఆడవాళ్లకు నేను పెద్దను కాబట్టి నా మాట కోసం ఆగారు. రేపు చెబుతానన్నాను.

పిల్లలను తీసి వేరే బుట్టలో పెట్టాను. మసిని పొగగదిలో పెట్టి గొళ్లెం వేశాను. కొట్టుకోవడం ఆగింది, బతికే ఉంది.

రాత వంకరగా ఉందని అనుకోకు. బుట్ట మోస్తుంటే కుడిచేతికి గీసుకుంది.

పెద్దమ్మ

*

త్రిచూర్,
ఏప్రిల్ రెండో వారం

పెద్దమ్మా,

నీ ఉత్తరం మెట్ల మీదే కూర్చుని రెండుసార్లు చదివాను. తర్వాత నా పుస్తకం తెరిచి చూస్తే ప్రతి గుర్తూ అందులో ఉంది. వగరుపు, బిగుసుకున్న కాళ్లు, జ్వరం, పిల్లలను వదిలి లేచిపోవడం. ఈనిన మూడో నాలుగో వారంలో, పిల్లలు ఎక్కువగా ఉన్న తల్లికి వచ్చే పాలవాతం ఇది. రక్తంలో సున్నం తగ్గితే కండరాలు అలా బిగుసుకుంటాయి. నువ్వు ప్రేమతో వలిచి పెట్టిన చేపే దీనికి కారణం. నిన్ను తప్పు పట్టడం లేదు. బాలింతకు మనవాళ్లు చేసేదే నువ్వూ చేశావు.

పిల్లలను వేరు చేసి మంచిపని చేశావు. తెలియకుండానే దాని ప్రాణం కాపాడావు. పాలు ఆగితే సున్నం పోవడం ఆగుతుంది. మళ్లీ కలపకు. ఆస్పత్రి డాక్టరు గారి దగ్గర కాల్షియం సూది ఉంటుంది. పిల్లి బరువు చెప్పి, నరంలోకి చాలా మెల్లగా ఎక్కించమని నా పేరు చెప్పి అడుగు. వినకపోతే బిళ్ల నూరి ఇవ్వమను.

మూసా తాతకు ఈ ముక్క చదివి వినిపించు. పిచ్చిరోగం ఆ రోగం ఉన్న జంతువు కరిస్తేనే వస్తుంది. మన దీవిలో ఒక్క కుక్క కూడా లేదు. దీవిలో పుట్టి పెరిగిన పిల్లికి ఆ రోగం ఎక్కడి నుంచి వస్తుంది? కలకత్తా కథలు చెప్పి బాలింతను సముద్రంలో వేస్తారా? నాకు ఒళ్లు మండిపోతోంది.

ఇంతకీ నీ చేతికి గీసుకుంది బుట్టేనా? బుట్ట గీసుకుంటే అక్షరాలు ఇంత వంకరగా పోవు.

నీ
రుకియా

*

చిన్న లంక

రుకియా తల్లీ,

పైన రాసిన పేరు చూసి గుండె బాదుకోకు. నేను బాగానే ఉన్నాను. పెద్దరోగం, అదే కుష్ఠు, వచ్చినవాళ్లను వెనకటి రోజుల్లో దింపి పోయిన లంకే ఇది. చిన్నప్పుడు అటు వేలు చూపిస్తేనే నీ చేతి మీద కొట్టేదాన్ని. ఇక్కడికి వచ్చి ఇవాళ్టికి ఐదో రోజు. నన్నెవరూ దింపలేదు. నేనే వచ్చాను. మసిని తెచ్చాను, పిల్లలను వేరే బుట్టలో తెచ్చాను. "పిల్లిని నీళ్లలో వెయ్యనివ్వను, ఊళ్లోనూ ఉంచను, ఇక మీరు మాట్లాడకండి" అని చెప్పి పడవ ఎక్కాను. సబూరా రోజూ మేకపాలు తెచ్చి ఒడ్డున పెట్టి పోతుంది. మంగళూరు పోయే కొబ్బరి పడవవాళ్లకు ఇమ్మని ఈ ఉత్తరం కూడా ఆమెకే ఇస్తున్నాను.

కళ్లకు వైద్యం చెప్పిన నీ ఉత్తరం మసి పడిపోయిన రోజునే అదే ఓడలో వచ్చింది. నా ఉత్తరం పంపాక విప్పాను. ఎముకలు పొడి చేసి పెట్టమన్న చోటు చదివాను. ఆ రాత్రే ఎముకలు ఉడకబెట్టాను.

ఇప్పుడు నీకు చెప్పని మాటలు చెబుతాను. కూర్చుని చదువు.

మసి మన దీవి పిల్లి కాదు. డిసెంబరులో బియ్యం ఓడ వచ్చినప్పుడు బస్తాల మీద నుంచి దూకింది. మెడ మీద మానుతున్న గాటు ఉంది. ఏ కుక్క పన్నో, ఏ ఇనప రేకో నాకు తెలియదు. ఎలుకలు పట్టే పిల్లి దొరికిందన్న సంబరంలో ఎవరికీ చెప్పలేదు.

నా చేతికి గీసుకుంది బుట్ట కాదు. కొట్టుకుంటున్న దాన్ని పట్టుకోబోతే బొటనవేలి కింద కొరికింది. నాలుగు పళ్లూ దిగాయి. సబ్బుతో కడిగాను. మళ్లీ మళ్లీ కడిగాను. ఊళ్లో ఎవరికీ తెలియదు. సబూరాకు కూడా.

మీ నాన్న ఓడలో విషజ్వరంతో పోయాడని చెప్పాను. జ్వరం కాదు తల్లీ. కలకత్తా రేవులో ఒక కుక్కపిల్లకు రొట్టె పెట్టబోతే అది చేతికి పన్ను దింపింది. నవ్వి ఊరుకున్నాడు. మూడు నెలలకు, ఓడ నడిసముద్రంలో ఉండగా, మంచినీళ్లు తాగలేకపోయాడు. గ్లాసు చూస్తేనే గొంతు పట్టేసేది. ఆ ఓడలో మూసా ఉన్నాడు. గది బయట గొళ్లెం వేసి కాపలా కూర్చున్నది అతనే. మసిని చూడగానే అతను ఆ మాట అన్నది అందుకే. అతని మీద కోపం పెట్టుకోకు.

మీ నాన్నకు మూడు నెలలు పట్టింది కదా. అందుకని మూడు నెలలకు సరిపడా బియ్యం తెచ్చుకున్నాను. నాకూ అలా అయితే ఇక్కడ నేను పట్టుకుని కొరకడానికి మనుషులు ఉండరు. రోజూ పొద్దున లేవగానే చెంబుడు నీళ్లు తాగి చూసుకుంటున్నాను. దిగుతున్నాయి. దిగగానే ఆ పూట వంట మొదలుపెడతాను.

ఒక పిల్ల పోయింది. నీ ఉత్తరం చదవక ముందు, ఆ మొదటి పూట, మేకపాలు దొరక్క కొబ్బరిపాలు పట్టాను. నీళ్లలా విరేచనాలై పొద్దుటికి చల్లబడిపోయింది. మిగతా నాలుగింటికి నువ్వు చెప్పినట్టే బోర్లా ఉంచి పడుతున్నాను.

ఇవాళ పొద్దున మసికి మళ్లీ వచ్చింది. ఇప్పుడు మూలన పడి ఉంది. పిలిస్తే చెవి కదల్చలేదు. ఎముకల పొడి నోట్లో పోశాను. సబూరా కేక వేస్తోంది, పడవ కదలాలట.

పెద్దమ్మ

*

త్రిచూర్,
మే మొదటి వారం

పెద్దమ్మా,

పైన చిన్న లంక అన్న రెండు ముక్కలు చదివాక చాలాసేపు కింది వరుసకు దిగలేకపోయాను. ఉత్తరం మంగళూరులో తడిసి, ఎవరి సంచిలోనో ఆగి, నెల తర్వాత ఇవాళ నా చేతికి వచ్చింది. నువ్వు రాసిన మాటల్లో నాకు కావలసిన ఒక్క మాట లేదు. మసి బతికిందా?

వెంటనే తంతి కొట్టాను. తంతి అంటే కాసిం పోస్టుమాస్టరు చదువుతాడని, అతను చదివితే ఊరంతా వింటుందని తెలుసు. విననీ. అందులో రాసిందే ఇక్కడ మళ్లీ రాస్తున్నాను. కరిచిన రోజు నుంచి పది రోజులు దాటాక కూడా పిల్లి బతికి, తిని, తిరుగుతూ ఉంటే, కరిచిన రోజున దాని ఎంగిలిలో ఆ రోగం లేనట్టే. అప్పుడు నీకు భయం లేదు. ఆ పది రోజుల్లో అది చచ్చిపోయి ఉంటే ఒక్క రోజు కూడా ఆగకు. సూదులు వేయించుకోవాలి. ఏ పడవ దొరికితే ఆ పడవ ఎక్కు. గొంతు పట్టేదాకా చూస్తే ఇక మందు లేదు.

ఆ పది రోజులు ఎప్పుడో అయిపోయాయి పెద్దమ్మా. ఏదో ఒకటి అక్కడ తేలిపోయి ఉంటుంది. అది నీకు అర్థం కాదు, నాకు కనబడదు. నీళ్లు తాగి చూసుకుంటున్నావా! ఏ పుస్తకంలో చదివావు?

జవాబు రాలేదు. గాలివానకు అక్కడి వైర్‌లెస్ స్తంభం పడిపోయిందని తంతి ఆఫీసులో అన్నారు. నా తంతి అంతకు ముందే చేరిందో లేదో వాళ్లకూ తెలియదట. ఆ గాలివానకే ఓడ కూడా ఆగిపోయింది. రేవుకు పోయి అడిగాను. "సముద్రాన్ని అడగమ్మా" అన్నాడు గుమాస్తా.

నాన్న సంగతి. కోపం రావాలి, వస్తుంది కూడా. ఇప్పుడు మాత్రం కాదు. ఆ రోగం ఎలా మొదలవుతుందో, ఎన్నో రోజున గొంతు పట్టేస్తుందో, చివరికి ఏమవుతుందో వరుసగా రాసి మార్కులు తెచ్చుకున్నాను. మేడమ్ ఆ కాగితాన్ని క్లాసుకు చదివి వినిపించారు. ఆ వరుసల్లో మా నాన్న ఉన్నాడని నాకు తెలియదు. ఇవాళ దాన్ని పెట్టె అడుగు నుంచి తీసి చదివాను. నా దస్తూరీ ఎంత గుండ్రంగా ఉందో.

ఎందుకు దాచావు? కనీసం నీ సంగతైనా దాచకు. మొదటి ఓడకు ఈ ఉత్తరం వస్తుంది. జవాబులో మొదటి వరుసలోనే మసి ఉందో లేదో రాయి. దీవెనలు తర్వాత.

రుకియా

*

మినికాయ్, మన ఇల్లు
జూన్

ఉంది.

ఇప్పుడు దీవెనలు.

నీ తంతి స్తంభం పడకముందే వచ్చింది. అది పడిన చప్పుడు దీవంతా విన్నది, కానీ అంతకన్నా పెద్ద చప్పుడు కాసిం చేశాడు. తంతి తెచ్చి ఊరి ఆడవాళ్లంతా కూడే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి గట్టిగా చదివాడట. "కరిచిన రోజు నుంచి" అన్నచోట సబూరా లేచి, "ఎవరిని కరిచింది? ఎవరిని?" అని అతని చొక్కా పట్టుకుందట. నెల రోజులు నాకు పాలు తెచ్చి ఇచ్చింది, ఆమెకు కూడా చెప్పలేదని ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడదు. అన్నం పెడుతుంది, పళ్లెం మాత్రం నేలకు కొడుతుంది.

ఆ మధ్యాహ్నం నాలుగు పడవలు లంకకు వచ్చాయి. ఒడ్డుకు రాకుండా కాస్త దూరంలోనే ఆగాయి. మొదటి పడవలో మూసా నిలబడి ఉన్నాడు. "హవ్వా, పిల్లి బతికుందా?" అని అరిచాడు.  "ఎందుకు, గోనె తెచ్చావా?" అన్నాను. "బతికుంటే నువ్వు బతికినట్టేనట! పిల్ల రాసింది!" అన్నాడు.

  మసి అప్పటికి ఎప్పుడో లేచింది తల్లీ. నీకు ఉత్తరం రాసి పంపిన రోజు సాయంత్రమే డాక్టరు పడవ వేసుకుని వచ్చాడు. నువ్వు చెప్పావని కాదు, పిల్లికి జబ్బని సబూరా ఏడిస్తే వచ్చాడు. "నేను మనుషుల డాక్టర్నమ్మా" అంటూనే తన దగ్గరున్న కాల్షియం సూది కాలి నరంలోకి, పూర్తయ్యేదాకా గుండె మీద వేలు ఉంచి, మెల్లగా ఎక్కించాడు. సూది బయటికి తీసేలోపే బిగుసుకున్న కాళ్లు వదులయ్యాయి. నా చేయి కొంగు కింద దాచుకుని నిలబడ్డాను. అప్పుడు అతనికి చెప్పి ఉంటే అన్నీ అక్కడే తేలిపోయేవి. చెప్పలేకపోయాను. రోగం తేల్చడానికి కరిచిన జంతువును చంపి తల కోసి చూస్తారని మూసా ఒకప్పుడు అన్న మాట బుర్రలో తిరిగింది.

ఆ తర్వాత రోజూ ఎముకల పొడి. వారానికి అది పొయ్యి మీది చేపను దొంగిలించింది. పిల్లలు పళ్లొచ్చి మెత్తటి చేప నాకుతున్నాయి. ఏప్రిల్‌లో నువ్వు రాసిన ఉత్తరం కూడా అక్కడే అందింది. దీవి పిల్లికి ఆ రోగం రాదని రాశావు. మసి దీవి పిల్లి కాదని నీకు తెలియదు కాబట్టి నేను నమ్మలేదు. అది లేచి తిరిగినా నా భయం పోలేదు. మీ నాన్నను కరిచిన కుక్కపిల్ల తర్వాత చచ్చిందో బతికిందో ఎవరు చూశారు? ఓడ కదిలిపోయింది కదా. అందుకే కళ్లముందు పిల్లి గంతులేస్తున్నా, నేను చెంబు పట్టుకుని రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. నాకు బతుకు ఎప్పుడో దక్కింది. ఆ కబురు నీ తంతి వచ్చేదాకా నాకు తెలియలేదు.

మూసా మోకాలి లోతు నీళ్లలోకి దిగి వచ్చాడు. మసి అతని పాదాల మీద పడుకుంది.  "ఆ రోజు నీ చెల్లెలి మొగుడికి తలుపు తీయలేకపోయాను హవ్వా" అన్నాడు. "తీసి ఉంటే నువ్వూ ఉండేవాడివి కాదు" అన్నాను. ఇన్నేళ్లలో మేం ఆ మాట అనుకోవడం అదే మొదలు.

తిరుగు తంతి రాయించాను. "ఇద్దరం నీళ్లు తాగుతున్నాం" అని. అర్థం లేదని కాసిం వాదించాడు. "నీకు అర్థం కానక్కర్లేదు, పంపు" అన్నాను. అతను మీట నొక్కబోయేసరికే స్తంభం పడింది. అందుకే నీకు ఈ నెల రోజుల నరకం.

ఎందుకు దాచానని అడిగావు. చెబితే నువ్వు కుక్కలున్న నేల మీద కాలు పెట్టేదానివి కాదు, జంతువు మీద చెయ్యి వేసేదానివి కాదు. నువ్వు ఈ ఇంట్లో మొదటి చదువుకున్న పిల్లవి. మీ నాన్న చావు నీ కాళ్లకు అడ్డం పడకూడదనుకున్నాను. తప్పే. ఓడలు మొదలయ్యాయి, డాక్టరు అక్కర్లేదన్నా ఈ చేయి నీ మేడమ్‌కు కూడా చూపించుకోవడానికి వస్తున్నాను. వచ్చాక ఎంత తిట్టాలో అంత తిట్టు. ఆ గుండ్రటి దస్తూరీ కాగితం కూడా తీసి ఉంచు. ఒకసారి నాకు చదివి వినిపించు, మెల్లగా.

పైన సిరా చెరిగింది. నేను ఏడ్చాననుకునేవు, అదేం లేదు. మసి ఇప్పుడే నా చెంబులో తల పెట్టి నీళ్లు తాగి, మీసాలు ఈ కాగితం మీద దులిపింది.

పెద్దమ్మ